అమెరికా తుపాకీ లైసెన్సు నిబంధనలను కాంగ్రెస్ ఎలా రద్దు చేస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఏటీఎఫ్ నిబంధనను సభ కొట్టేసింది" అని (ఏటీఎఫ్ అంటే తుపాకుల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వార్త రాగానే చాలామంది ఇక ఆ నిబంధన పోయిందనే అనుకుంటారు. ఎక్కువసార్లు అది పోదు. ఒక సభలో ఓటు పడటానికీ, నిబంధన నిజంగా చెల్లకుండా పోవడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. వాటిని లెక్కచేయకుండా తుపాకీ కొన్నా, అమ్మినా, మార్పులు చేసినా జైలు దాకా వెళ్లే కేసు మెడకు చుట్టుకోవచ్చు. ఆ మెట్లేమిటో, ఎక్కడ ఏది ఆగిపోతుందో ఈ పేజీలో చూడవచ్చు.

చట్టం వేరు, నిబంధన వేరు అంటారు. తేడా ఏమిటి?

చట్టం చేసేది కాంగ్రెస్, అంటే ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అమెరికా పార్లమెంటు. 1968 నాటి తుపాకీ నియంత్రణ చట్టం "తుపాకుల వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి" అంటుంది. వ్యాపారం అంటే ఏది, ఏ ఫారం నింపాలి, రిజిస్టరు ఎలా రాయాలి, ఎన్నేళ్లు దాచాలి అన్న వివరాలను రాసేది ఏటీఎఫ్, అంటే మద్యం, పొగాకు, తుపాకులు, పేలుడు పదార్థాల బ్యూరో. ఇది 2003 జనవరి దాకా ఆర్థిక శాఖ కింద ఉండేది, అప్పటి నుంచి న్యాయశాఖ కింద ఉంది. ఈ వివరాలన్నీ ఫెడరల్ నిబంధనల సంపుటిలో 27వ శీర్షిక, 478వ భాగంలో కనిపిస్తాయి. మెషిన్ గన్నులు, సైలెన్సర్లు, పొట్టి బ్యారెల్ రైఫిళ్ల సంగతి 479వ భాగంలో ఉంటుంది.

ఈ పేజీలో మిగతాదంతా ఈ తేడా మీదే నడుస్తుంది. నిబంధన రద్దయినా దాని కింద ఉన్న చట్టం అలాగే ఉంటుంది.

నిబంధనను రద్దు చేయడానికి కాంగ్రెస్‌కు ఏయే దారులున్నాయి?

వార్తల్లో ఎక్కువగా వినిపించేది కాంగ్రెషనల్ రివ్యూ యాక్ట్, క్లుప్తంగా సీఆర్ఏ. ఇది 1996లో వచ్చింది. ఇది కాక మామూలు బిల్లు పెట్టి చట్టాన్నే మార్చవచ్చు. బడ్జెట్ చట్టంలో "ఈ పనికి పైసా ఖర్చు పెట్టరాదు" అని షరతు పెట్టవచ్చు. పన్ను సంగతైతే బడ్జెట్ రీకన్సిలియేషన్ బిల్లులో, అంటే పన్నులు, ఖర్చులకు పరిమితమై సెనేట్‌లో సాధారణ మెజారిటీతో నెగ్గే ప్రత్యేక బిల్లులో, పెట్టవచ్చు. కాంగ్రెస్‌తో పని లేకుండా కోర్టులు కొట్టేసే దారి, ఏజెన్సీయే వెనక్కి తీసుకునే దారి కూడా ఉన్నాయి. గత పదేళ్లలో తుపాకీ నిబంధనలు పోయింది ఎక్కువగా ఈ చివరి రెండు దారుల్లోనే.

సీఆర్ఏ తీర్మానం ఎలా నడుస్తుంది?

ఏజెన్సీ తుది నిబంధన రాశాక దాన్ని ప్రతినిధుల సభకు, సెనేట్‌కు, ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయానికి పంపాలి. ఈ కార్యాలయాన్ని అందరూ జీఏఓ అంటారు. పంపకుండా నిబంధన అమల్లోకి రాకూడదు. ఏటా 10 కోట్ల డాలర్లు లేదా అంతకు మించిన ఆర్థిక ప్రభావం ఉండేదాన్ని పెద్ద నిబంధనగా లెక్కిస్తారు. అలాంటిది సాధారణంగా 60 రోజులు ఆగాకే అమల్లోకి వస్తుంది.

తర్వాత ఏ సభ్యుడైనా తిరస్కరణ తీర్మానం పెట్టవచ్చు. దాని మాటలు చట్టంలోనే రాసి ఉన్నాయి: ఫలానా ఏజెన్సీ ఫలానా విషయంపై పంపిన నిబంధనను కాంగ్రెస్ తిరస్కరిస్తోంది, దానికి బలమూ ప్రభావమూ ఉండవు. సారాంశం అంతే. దానికి ఒక వాక్యం కలపడానికి గానీ తీసేయడానికి గానీ వీల్లేదు.

సెనేట్‌లో దీనికి ప్రత్యేక మర్యాద ఉంది. కమిటీ 20 రోజుల్లో కదలకపోతే 30 మంది సెనేటర్లు సంతకం చేసి తీర్మానాన్ని కమిటీ నుంచి బయటికి లాగవచ్చు. చర్చకు గరిష్ఠంగా 10 గంటలు. మామూలు బిల్లులకు అడ్డుపడే 60 ఓట్ల గోడ దీనికి లేదు, సాధారణ మెజారిటీ చాలు. ప్రతినిధుల సభలో ఇలాంటి వేగమార్గం లేదు. అక్కడ ఎజెండాలో చోటు ఇవ్వాలా వద్దా అన్నది నాయకత్వం చేతుల్లో ఉంటుంది.

రెండు సభలూ ఆమోదించాక తీర్మానం అధ్యక్షుడి బల్ల మీదికి వెళ్తుంది. ఆయన సంతకం చేస్తే చట్టమవుతుంది. వీటో చేస్తే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. వీటోను దాటి నెగ్గిన సీఆర్ఏ తీర్మానం ఇంతవరకు ఒక్కటీ లేదు.

అధ్యక్షుడి సంతకం ఎందుకు అని అడుగుతుంటారు. అంతకుముందు చాలా చట్టాల్లో, సభలు సొంతంగానే ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టేసే ఏర్పాటు ఉండేది. 1983లో చద్దా కేసులో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. సీఆర్ఏ ఆ తీర్పుకు లోబడి రాసిన చట్టం. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. తన ప్రభుత్వమే రాసిన నిబంధనను రద్దు చేసే కాగితంపై ఏ అధ్యక్షుడు సంతకం పెడతాడు? అందుకే ఈ ఆయుధం దాదాపుగా ప్రభుత్వం మారిన తొలి నెలల్లోనే పనిచేస్తుంది. 1996 నుంచి 2024 చివరి దాకా ఈ పద్ధతిలో రద్దయినవి మొత్తం 20. అందులో 2001లో ఒకటి, 2017-18లో 16, 2021లో 3.

60 రోజులు అంటారు. ఎక్కడి నుంచి లెక్క? పొరపాట్లు ఇక్కడే జరుగుతాయట?

అవును, జరిగేవి ఇక్కడే. క్యాలెండర్ తీసి 60 గళ్లు లెక్కపెడితే తప్పుతుంది. ఇందులో మూడు లెక్కలున్నాయి.

తీర్మానం పెట్టడానికి ఉన్న గడువు నిబంధన కాంగ్రెస్‌కు అందిన రోజు నుంచి 60 రోజులు. ఏదైనా సభ మూడు రోజులకు మించి వాయిదా పడితే ఆ రోజులు లెక్కలోకి రావు. సెనేట్ వేగమార్గానికి గడువు సెనేట్ నిజంగా కూర్చున్న 60 రోజులు. దీని లెక్క నిబంధన కాంగ్రెస్‌కు అందడం, ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే అమెరికా ప్రభుత్వ గెజిట్‌లో, అచ్చవడం, ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే దాని నుంచి మొదలవుతుంది. సెలవులు పోను ఈ 60 రోజులు క్యాలెండర్‌లో నెలల తరబడి సాగుతాయి. మూడోది, కాంగ్రెస్ సమావేశాలు ముగియడానికి 60 పనిదినాల లోపు వచ్చిన నిబంధనకు తర్వాతి సమావేశాల 15వ పనిదినం నుంచి గడువు మళ్లీ కొత్తగా తెరుచుకుంటుంది. కొత్త ప్రభుత్వాలు పాత ప్రభుత్వపు చివరి నిబంధనలను పట్టుకునేది ఈ కిటికీలోనే.

ఈ లెక్క ఎంత పదునైనదో ఒక ఉదాహరణ చూడండి. తుపాకీ డీలర్ల లైసెన్సుపై ఏటీఎఫ్ పెద్ద నిబంధన 2024 ఏప్రిల్ 19న అచ్చయింది. 2025లో కొత్త కాంగ్రెస్‌కు తెరుచుకున్న కిటికీ స్థూలంగా 2024 ఆగస్టు తర్వాత వచ్చిన నిబంధనలకే. ఏప్రిల్ నిబంధన దాని బయట పడింది. సభలు, అధ్యక్షుడు అందరూ ఒకే వైపు ఉన్నా ఈ దారి మూసుకుపోయింది.

తుపాకీ విషయంలో ఈ పద్ధతి ఎప్పుడైనా నెగ్గిందా?

ఒకసారి నెగ్గింది. అయితే ఆ నిబంధన ఏటీఎఫ్‌ది కాదు, పింఛన్లు, భృతులు చూసే సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్‌ది. 2016 డిసెంబరు 19న అచ్చయింది. మానసిక రుగ్మత వల్ల అంగవైకల్య భృతి పొందుతూ, ఆ డబ్బు సొంతంగా చూసుకోలేరని ఆ సంస్థ వేరే వ్యక్తిని నియమించినవారి పేర్లను తుపాకీ కొనుగోలుదారుల తనిఖీ వ్యవస్థకు, అంటే నిక్స్‌కు పంపాలని దాని సారాంశం. ఏటా 75,000 మంది పేర్లు వెళ్తాయని అంచనా వేశారు.

ప్రతినిధుల సభ 2017 ఫిబ్రవరి 2న 235-180తో, సెనేట్ ఫిబ్రవరి 15న 57-43తో తిరస్కరించాయి. అధ్యక్షుడు ట్రంప్ ఫిబ్రవరి 28న సంతకం చేశారు. తుపాకీ హక్కుల సంఘాలే కాదు, అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్, పలు వికలాంగుల హక్కుల సంఘాలు కూడా ఈ రద్దును కోరాయి. తన బ్యాంకు లెక్క తాను చూసుకోలేకపోవడం, తుపాకీతో ప్రమాదకరంగా మారడం ఒకటి కాదన్నది వారి వాదన. ఆ వాదనలో బలం ఉందని మా అభిప్రాయం. ఎందుకంటే ఆ నిబంధనలో ముందుగా న్యాయమూర్తి ఎదుట విచారణ లేదు, పేరు చేరాక అప్పీలు చేసుకోవాల్సిందే.

ఆ రద్దుతో మానసిక ఆరోగ్యానికి సంబంధించిన నిషేధాలన్నీ పోయాయని అనుకోకండి. కోర్టు గానీ అధికార మండలి గానీ విచారించి మానసికంగా అశక్తుడని తేల్చినా, బలవంతంగా ఆసుపత్రిలో చేర్పించినా 1968 చట్టం ప్రకారం తుపాకీ నిషేధం అలాగే ఉంది.

పిస్టల్ బ్రేస్ నిబంధనను సభ కొట్టేసిందన్నారు కదా, తర్వాత ఏమైంది?

బ్రేస్ అంటే పిస్టల్ వెనక తగిలించుకునే ఆసరా. చేతికి పట్టీలా కట్టుకోవడానికి పుట్టింది, చాలామంది భుజానికి ఆనించి కాలుస్తారు. బ్యారెల్ 16 అంగుళాల కన్నా తక్కువ ఉండి భుజానికి ఆనించి కాల్చేలా చేసిన రైఫిల్ 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం కిందికి వస్తుంది. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, రిజిస్టర్ కానిది దగ్గరుంటే పదేళ్ల దాకా జైలు. 2023 జనవరి 31న అచ్చయిన ఏటీఎఫ్ నిబంధన, బ్రేస్ ఉన్న పిస్టళ్లలో చాలావాటిని ఈ కోవలోకి తెచ్చింది. రిజిస్టర్ చేసుకోవడమో, బ్రేస్ తీసేయడమో, అప్పగించడమో 2023 మే 31 లోపు తేల్చుకోమంది.

జార్జియా ప్రతినిధి ఆండ్రూ క్లైడ్ తిరస్కరణ తీర్మానం పెట్టారు. ప్రతినిధుల సభ 2023 జూన్ 13న 219-210తో ఆమోదించింది. వార్త గుప్పుమంది. తొమ్మిది రోజులకు, జూన్ 22న, సెనేట్‌లో అది 49-50తో ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. అది నెగ్గినా వైట్‌హౌస్ వీటో చేస్తామని ముందే చెప్పింది. తేదీలు చూడండి: నిబంధన గడువు మే 31న ముగిసింది, సభ ఓటు జూన్ 13న పడింది. సభ ఓటు వేసేనాటికే గడువు దాటిపోయింది. ఆ ఓటును నమ్ముకుని కూర్చున్నవాడికి చట్టరీత్యా ఏ రక్షణా లేదు.

చివరికి నిబంధనను తీసింది కోర్టు. టెక్సాస్ ఉత్తర జిల్లా ఫెడరల్ న్యాయమూర్తి రీడ్ ఓ'కానర్ మాక్ కేసులో 2024 జూన్ 13న దాన్ని మొత్తంగా రద్దు చేశారు. ఇక్కడ కూడా 1934 చట్టం పోలేదు. ఫలానా తుపాకీ ఆ చట్టపు నిర్వచనంలోకి వస్తుందా అన్న ప్రశ్న విడివిడి కేసుల్లో అలాగే ఉంటుంది.

డీలర్ లైసెన్సుపై వచ్చిన 2024 నిబంధన ఏమంటుంది? దానిపై తీర్మానం ఎక్కడ ఆగింది?

లైసెన్సు గొడవలన్నిటికీ గుండెకాయ ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

1986 నుంచి చట్టంలో "జీవనోపాధి, లాభం ప్రధాన ఉద్దేశంగా" పదే పదే కొని అమ్మేవాడే వ్యాపారి అని ఉండేది. టెక్సాస్‌లోని ఉవాల్డే బడి కాల్పుల తర్వాత రెండు పార్టీలూ కలిసి చేసిన చట్టంపై 2022 జూన్ 25న సంతకం పడింది. అది ఆ మాటల్ని "ప్రధానంగా లాభం సంపాదించడానికి" అని మార్చింది. జీవనోపాధి అన్న మాట పోయింది. అంటే పగలు వేరే ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో తుపాకీ మేళాల్లో లాభానికి అమ్మేవాడు కూడా లైసెన్సు తీసుకోవాలన్నమాట.

ఈ మార్పును అమలు చేస్తామంటూ ఏటీఎఫ్ 2023 సెప్టెంబరులో ముసాయిదా పెట్టింది. సుమారు 3,88,000 అభిప్రాయాలు వచ్చాయి. తుది నిబంధన 2024 మే 20న అమల్లోకి వచ్చింది. ఇన్ని తుపాకులు అమ్మితే వ్యాపారి అన్న సంఖ్య అందులో లేదు. పరిస్థితులను బట్టి ఒక్క అమ్మకం కూడా సరిపోవచ్చని ఉంది. కొన్న 30 రోజుల్లో పదే పదే అమ్మడం, ఏడాది లోపు కొత్తవాటిని అసలు పెట్టెతో సహా పదే పదే అమ్మడం వంటివి ఉంటే వ్యాపారిగా ముందే ఊహిస్తారు, కాదని చూపించుకునే భారం అమ్మినవాడి మీద పడుతుంది. ఈ ఊహ పరిపాలనా, సివిల్ విచారణలకే పరిమితం, క్రిమినల్ కేసులో నేరాన్ని ప్రభుత్వమే నిరూపించాలి. ఆత్మరక్షణ కోసం కొన్న తుపాకీ "సొంత సేకరణ" కిందికి రాదన్నట్టుగా రాయడం పెద్ద అభ్యంతరమైంది.

విశేషం ఏమిటంటే, 2022 చట్టాన్ని చర్చించి నడిపించిన సెనేటర్లు జాన్ కార్నిన్, థామ్ టిల్లిస్‌లే ఈ నిబంధన మీద తిరస్కరణ తీర్మానానికి ముందు నిలిచారు. మేం రాసిన చట్టం ఇంత దూరం వెళ్లలేదన్నది వారి వాదన. ప్రతినిధుల సభలో క్లైడ్ తీర్మానం పెట్టారు. ఏదీ చట్టం కాలేదు.

కోర్టులో న్యాయమూర్తి మాథ్యూ కాస్మారిక్ 2024 జూన్ 11న తాత్కాలికంగా అమలును ఆపారు, కానీ టెక్సాస్, లూసియానా, మిసిసిపి, యూటా రాష్ట్రాలకు, కేసు వేసిన సంఘాలకు మాత్రమే. మిగతా చోట్ల ఆ ఉత్తర్వు వర్తించలేదు. ఒహాయోలో ఉన్నవాడు టెక్సాస్ ఉత్తర్వు చూసి ధైర్యపడితే మునిగేది అతడే. 2025 ఏప్రిల్ 7న న్యాయశాఖ ఈ నిబంధననూ బ్రేస్ నిబంధననూ సమీక్షిస్తామని ప్రకటించింది. సమీక్ష ప్రకటన కూడా రద్దు కాదు.

ఈ నిబంధన రేపు పోతే లైసెన్సు అక్కర్లేదా?

కావాలి. లైసెన్సు అడిగేది 1968 చట్టం, "లాభం" అన్న మాట 2022 చట్టంలోది. నిబంధన పోతే పోయేది ఏటీఎఫ్ రాసిన ఊహలు, నిర్వచనాలే. లైసెన్సు లేకుండా వ్యాపారం చేస్తే ఐదేళ్ల దాకా జైలు, 2,50,000 డాలర్ల దాకా జరిమానా.

లైసెన్సు తీసుకోవడం మనం ఊహించుకున్నంత కష్టం కాదు. ఫారం 7 నింపాలి. వేలిముద్రల కార్డు, ఫొటో జతచేయాలి. దరఖాస్తు ప్రతిని స్థానిక పోలీసు ప్రధానాధికారికి పంపాలి. మామూలు డీలర్‌కు, అంటే 01 రకానికి, మూడేళ్లకు 200 డాలర్లు, తర్వాత రెన్యువల్‌కు 90. తయారీదారుకు, అంటే 07 రకానికి, మూడేళ్లకు 150. పాత, అరుదైన తుపాకులు సేకరించేవారికి 03 రకం, మూడేళ్లకు 30 డాలర్లు. అయితే ఈ 03తో వ్యాపారం చేయకూడదు. డీలర్‌కు కనీసం 21 ఏళ్లుండాలి, వ్యాపారానికి స్థలం ఉండాలి. పూర్తి దరఖాస్తు అందాక 60 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది.

ఎక్కువగా దెబ్బతినేది స్థలం దగ్గర. ఇంట్లోంచి వ్యాపారం చేద్దామనుకుంటే ఏ స్థలంలో ఏ పని చేయవచ్చో చెప్పే ఊరి జోనింగ్ నియమాలు, అపార్ట్‌మెంట్ లీజు ఒప్పుకోవు. లైసెన్సు షరతుల్లో స్థానిక చట్టాలను ఉల్లంఘించకపోవడం ఒకటి. అందుకే ఫీజు కట్టే ముందు జోనింగ్ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. దరఖాస్తు తిరస్కరిస్తే నోటీసు అందిన 15 రోజుల్లో విచారణ కోరాలి. అక్కడా ఓడితే 60 రోజుల్లో ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లాలి. ఈ రెండు గడువులూ దాటితే వాదన ఎంత బలమైనదైనా వినిపించే చోటుండదు.

నిబంధనలో నచ్చని భాగాన్ని మాత్రమే తీసేయవచ్చా?

సీఆర్ఏలో కుదరదు. మొత్తం పోవాలి, లేదా మొత్తం ఉండాలి. 2022 ఏప్రిల్ 26న వచ్చిన ఫ్రేమ్, రిసీవర్ (తుపాకీ ప్రధాన చట్రం) నిబంధననే తీసుకోండి. ఇంట్లో బిగించుకునే, సీరియల్ నంబరు లేని తుపాకీ కిట్లు అందులో ఉన్నాయి. డీలర్లు రికార్డులను 20 ఏళ్లకు బదులు వ్యాపారం మూసేదాకా దాచాలన్నదీ అందులోనే ఉంది. ఒకదానికి అడ్డుపడాలంటే రెండోదీ కలిసే పోతుంది. కిట్ల భాగంపై సుప్రీంకోర్టు 2025 మార్చి 26న 7-2తో ఏటీఎఫ్ వైపు తీర్పిచ్చింది.

ఒకసారి రద్దయితే ఏజెన్సీ మళ్లీ తేవచ్చా?

"గణనీయంగా అదే రూపంలో" తేకూడదు, కొత్త చట్టం అనుమతిస్తే తప్ప. ఎంత మారితే వేరే రూపం అవుతుందో సీఆర్ఏ చెప్పలేదు. కాంగ్రెస్ నిర్ణయాలపై కోర్టు సమీక్ష ఉండదనీ అందులోనే రాసి ఉంది. దీనివల్ల ఏజెన్సీలు ఆ అంశం జోలికే వెళ్లడానికి జంకుతాయి. నిబంధన నచ్చనివారికి ఇది బలం. కానీ రేపు ఆ అంశంలో చిన్న సవరణ కావాల్సివస్తే అప్పుడూ ఈ తాళం అడ్డుపడుతుంది. రద్దుకు పట్టుబట్టే ముందు ఆలోచించాల్సిన సంగతి ఇది.

డీలర్ల "జీరో టాలరెన్స్" విధానాన్ని రద్దు చేసింది కాంగ్రెసేనా?

కాదు. 2021లో ప్రకటించిన ఆ విధానం ప్రకారం నిషేధిత వ్యక్తికి అమ్మడం, కొనేవాడి నేపథ్య తనిఖీ చేయకపోవడం, రికార్డులు తారుమారు చేయడం, ట్రేస్ వివరాలు (నేరంలో దొరికిన తుపాకీ ఎవరికి అమ్మారో ఏటీఎఫ్ అడిగేవి) ఇవ్వకపోవడం, సోదాకు ఒప్పుకోకపోవడం వంటివి ఉద్దేశపూర్వకంగా చేస్తే ఒక్కసారికే లైసెన్సు రద్దుకు వెళ్లేవారు. ఇది నిబంధన కాదు, అంతర్గత ఆదేశం. అందుకే 2025 ఏప్రిల్ 7న ఒక్క ప్రకటనతో ఎత్తేశారు. ఒక్క ప్రకటనతో తిరిగి రావచ్చు కూడా. ఉద్దేశపూర్వక ఉల్లంఘనకు లైసెన్సు రద్దు చేసే అధికారం చట్టంలోనే ఉంది.

కాబట్టి రికార్డుల విషయంలో సడలింపు ఏమీ లేదు. ట్రేస్ అడిగితే 24 గంటల్లో జవాబివ్వాలి. దొంగతనం, తప్పిపోవడం తెలిసిన 48 గంటల్లో చెప్పాలి. ఒకే వ్యక్తి ఐదు వరుస పనిదినాల్లో రెండు లేదా అంతకు మించి హ్యాండ్‌గన్లు కొంటే విడిగా రిపోర్టు పంపాలి. తుపాకీ కొనేటప్పుడు నింపే ఫారం 4473లో కొనేవాడి సంతకం, తేదీ ఖాళీగా వదిలేయడం వంటి చిన్న లోపాలే తనిఖీల్లో పోగుపడి పెద్దవవుతాయి.

బడ్జెట్ షరతు ఎలా పనిచేస్తుంది?

చట్టం అలాగే ఉంటుంది, అమలుకు డబ్బుండదు. తుపాకీ హక్కు కోల్పోయినవారు దాన్ని తిరిగి పొందడానికి దరఖాస్తు చేసుకోవచ్చని చట్టంలో ఉంది. కానీ ఆ దరఖాస్తులు చూడటానికి ఏటీఎఫ్ డబ్బు వాడకూడదని 1992 నుంచి ఏటా బడ్జెట్‌లో రాస్తూ వచ్చారు. హక్కు కాగితం మీద ఉన్నా మూడు దశాబ్దాల పాటు తలుపు మూసే ఉంది. 2025 మార్చిలో న్యాయశాఖ ఆ అధికారాన్ని ఏటీఎఫ్ నుంచి తీసి అటార్నీ జనరల్ దగ్గర పెట్టుకుంది, షరతు ఏటీఎఫ్ పేరు మీదే ఉంది కాబట్టి. డీలర్ల రికార్డులను ఒకచోట పోగుచేసే ఖర్చుపై నిషేధం కూడా ఇలాంటి షరతే.

సైలెన్సర్ల లైసెన్సు ఎత్తేశారని విన్నాం. నిజమేనా?

పన్ను ఎత్తేశారు, రిజిస్ట్రేషన్ ఎత్తేయలేదు. 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్నును 2025 జూలై 4న సంతకమైన రీకన్సిలియేషన్ చట్టం సైలెన్సర్లు, పొట్టి బ్యారెల్ రైఫిళ్లు, షాట్‌గన్లకు సున్నా చేసింది. ఇది 2026 జనవరి 1 నుంచి అమలు. మెషిన్ గన్నులకు, విధ్వంసక ఆయుధాలకు పన్ను అలాగే ఉంది. రిజిస్ట్రేషన్ కూడా తీసేయాలని ప్రయత్నించారు. రీకన్సిలియేషన్ బిల్లులో బడ్జెట్‌కు నేరుగా సంబంధం లేనివి ఉండకూడదన్న బర్డ్ నియమం ప్రకారం సెనేట్ పార్లమెంటేరియన్, అంటే సభా నియమాలపై సలహా ఇచ్చే అధికారి, ఒప్పుకోలేదు. అందువల్ల ఫారాలు, వేలిముద్రలు, అనుమతి వచ్చేదాకా ఆగడం మామూలే. "పన్ను సున్నా కదా" అని రిజిస్టర్ చేయకుండా తెచ్చుకుంటే అదే పదేళ్ల శిక్ష.

హెచ్-1బీ, ఎఫ్-1 వీసాలపై ఉన్న తెలుగువారికి ఈ రద్దులతో ఏమైనా మారిందా?

ఏమీ మారలేదు. ఈ విషయాన్ని గట్టిగా చెప్పాలి. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 వంటి వలసేతర వీసాపై వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదన్నది చట్టంలోని మాట, నిబంధన కాదు. 2022 చట్టం దీనికి శిక్షను పదేళ్ల నుంచి 15 ఏళ్లకు పెంచింది. దానికి తోడు వీసా కూడా ప్రమాదంలో పడుతుంది.

మినహాయింపుల్లో ఎక్కువమందికి వర్తించేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. స్నేహితులతో షూటింగ్ రేంజికి వెళ్లి అద్దెకు తుపాకీ పట్టుకోవడం కూడా "దగ్గర ఉండటం" కిందికే వస్తుంది. అక్కడ ఎవరూ వీసా అడగలేదన్నది సమర్థన కాదు. వేట లైసెన్సు ముందు తీసుకుని, దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లండి. వేట లైసెన్సుకు కొన్ని రాష్ట్రాలు శిక్షణ తరగతి పూర్తిచేయమంటాయి కాబట్టి వెళ్లే రోజు ఉదయం చూసుకుందామంటే కుదరదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు, వారు కొనవచ్చు, డీలర్ లైసెన్సుకూ దరఖాస్తు చేయవచ్చు.

రాష్ట్ర శాసనసభ ఫెడరల్ నిబంధనను రద్దు చేయగలదా?

లేదు. ఫెడరల్ అధికారులకు మా పోలీసులు సాయం చేయరని చెప్పగలదు, ఎందుకంటే ప్రింట్జ్ కేసులో 1997లో సుప్రీంకోర్టు ఆ స్వేచ్ఛ ఇచ్చింది. ఫెడరల్ చట్టమే చెల్లదని అనలేదు. మిస్సోరీ 2021లో అలాంటి చట్టం చేస్తే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2024లో కొట్టేసింది.

మన దేశంలో ఇలాంటి ఏర్పాటు ఉందా?

ఉంది, పైగా కొంత సులువుగా. 1959 ఆయుధ చట్టం 44వ సెక్షన్ ప్రకారం కేంద్రం చేసిన నియమాలను పార్లమెంటు ఉభయ సభల ముందు సమావేశాల్లో మొత్తం 30 రోజులు ఉంచాలి. రెండు సభలూ ఒప్పుకుంటే నియమాన్ని మార్చవచ్చు, తీసేయనూ వచ్చు. రాష్ట్రపతి సంతకం అక్కర్లేదు. అప్పటిదాకా ఆ నియమం కింద జరిగిన పనులు చెల్లుతాయి. అమెరికా పద్ధతిలో మార్పుకు చోటు లేదు, రద్దయిన నిబంధన మొదటి నుంచీ లేనట్టే లెక్క. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సులు నడుస్తున్నది ఈ చట్టం, 2016 ఆయుధ నియమాల కిందే.

ఫలానా నిబంధన ఇప్పుడు అమల్లో ఉందో లేదో నేనే ఎలా చూసుకోవాలి?

ముందు ఫెడరల్ రిజిస్టర్‌లో తుది నిబంధన తెరిచి రెండు తేదీలు రాసుకోండి: అమల్లోకి వచ్చే తేదీ, పాటించాల్సిన గడువు. ఈ రెండూ వేరుగా ఉండవచ్చు. తర్వాత జీఏఓ నిబంధనల జాబితాలో కాంగ్రెస్‌కు అందిన తేదీ చూడండి. కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో తీర్మానం నంబరు కొట్టి చివరి చర్య ఏమిటో చదవండి. "పబ్లిక్ లా" నంబరు పడితేనే అది చట్టం. "సభ ఆమోదించింది" అని ఉంటే సగం దారిలో ఉన్నట్టే. కోర్టు ఉత్తర్వు ఉంటే మొదటి పేజీ చదివి ఆపకండి, చివరి పేజీలో ఎవరికి వర్తిస్తుందో రాస్తారు. నిబంధననే రద్దు చేస్తే అందరికీ వర్తిస్తుంది. అమలును ఆపితే మాత్రం సాధారణంగా కేసు వేసినవారికే. చివరగా ఎలక్ట్రానిక్ సీఎఫ్ఆర్‌లో, అంటే ఫెడరల్ నిబంధనల సంపుటి ఆన్‌లైన్ ప్రతిలో, 478వ భాగం ప్రస్తుత పాఠం చూడండి. కోర్టు ఆపిన పాఠం కూడా అక్కడ అలాగే కనిపిస్తూ ఉండవచ్చు కాబట్టి అదొక్కటే చూసి తేల్చుకోకండి.

నేను అభిప్రాయం పంపితే ఎవరైనా చదువుతారా?

పౌరసత్వం లేకపోయినా ముసాయిదాపై అభిప్రాయం పంపవచ్చు. తుపాకీ చట్టం కింద కొత్త నిబంధన చేసేముందు కనీసం 90 రోజుల బహిరంగ నోటీసు ఇవ్వాలి. ఒకే ఉత్తరాన్ని వేలమంది పంపితే లెక్కలో చేరుతుంది, అంతకు మించి ఉపయోగం తక్కువ. పనికొచ్చేది ఇలాంటిది: సెక్షన్ నంబరు చెప్పడం, అది మీ పనిలో ఏ పరిస్థితికి సరిపోదో చూపడం, ఖర్చు ఎంతో అంకెల్లో ఇవ్వడం, బదులుగా ఏ మాట రాయాలో సూచించడం. ముఖ్యమైన అభ్యంతరానికి ఏజెన్సీ తుది నిబంధనలో జవాబివ్వాలి. ఇవ్వకపోతే తర్వాత కోర్టులో అదే ఆయుధమవుతుంది. పంపినది అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, మీ దగ్గరున్న తుపాకుల వివరాలు అందులో రాయకండి.